అమావాస్య నాటి లెక్క

పార్థసారథి పుట్టి పెరిగింది అమలాపురం దాపున ఒక లంక గ్రామంలో. అక్కడ ఎంత తవ్వినా ఒండ్రుమట్టి, దాని కింద ఇసక, ఆ కింద నీళ్ళు. రాయి అన్నది ఇళ్ళల్లో రోలుగానో సన్నికల్లుగానో తప్ప కంటపడేది కాదు. అవి కూడా ఎక్కడినుంచో బళ్ళ మీద వచ్చినవే. అలాంటివాడు వాల్తేరులో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ప్రోగ్రామర్ ఉద్యోగం సంపాదించుకుని, డెబ్భై ఐదు చివర్లో మాదాపూర్ దగ్గర బస్సు దిగాడు. దిగినవాడు పెట్టె కింద పెట్టి చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఎటు చూసినా రాళ్ళే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వదిలేసినట్టు, రేపో మాపో దొర్లిపోయేట్టు కనిపిస్తూ ఎన్నాళ్ళుగానో కదలకుండా కూర్చున్న రాళ్ళు.

అతను పనిచేసే లెక్కల కేంద్రం ఊరికి కాస్త ఎడంగా, సీతాఫలం పొదల మధ్య కట్టిన ఒక పొడుగాటి రేకుల భవనం. జిల్లాల్లో కట్టబోయే చిన్న చెరువులకు కట్ట ఎంత ఎత్తుండాలి, తూము ఎంత వెడల్పుండాలి అన్న లెక్కలు అక్కడి కంప్యూటర్ మీద వేసేవారు. ఆ యంత్రం ఒక గది నిండా ఉండేది. దానికోసం ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచేవారు. మనుషులు మాత్రం బయట వేడిగదిలో కూర్చుని, చెప్పదలచుకున్నదంతా అట్టకార్డుల మీద చిల్లులు కొట్టి, ఆ కార్డుల కట్ట పట్టుకుని తమ వంతు కోసం ఎదురుచూసేవారు.

ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకున్న పార్థసారథికి రెండే వ్యసనాలు. ఒకటి, రోజూ ఏం నేర్చుకున్నాడో ఒక పొడుగు నోట్‌బుక్కులో రాసుకోవడం. ‘కార్డుల కట్టకి పక్కన ఐమూలగా పెన్సిలు గీత గీసి ఉంచాలి, చేజారి పడ్డా వరస మళ్ళీ దొరుకుతుంది’ అని ఒక రోజు. ‘సున్నాకి అడ్డగీత కొట్టకపోతే కార్డులు కొట్టే అమ్మాయి దాన్ని ఇంగ్లీషు ఓ అక్షరం అనుకుంటుంది, రోజంతా దండగ’ అని ఇంకో రోజు. రెండో వ్యసనం, ఆదివారాలు రాళ్ళ మధ్య కూర్చుని వాటి బొమ్మలు గీయడం. అవీ ఆ నోట్‌బుక్కులోనే. ఒక పేజీలో ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష, ఎదుటి పేజీలో బండ మీద ఎండ కాచుకుంటున్న తొండ.

ఆ రాళ్ళ దగ్గరే అతనికి మొగిలి పరిచయమయ్యాడు. మొగిలి బండలు పేల్చేవాళ్ళ ముఠాకి పెద్ద. వయసు యాభై ఉంటుంది. భార్య భూలక్ష్మి, మిగతా ఆడవాళ్ళతో కలిసి, పగిలిన రాయిని కంకరగా కొట్టేది. వాళ్ళ గుడిసెలు లెక్కల కేంద్రానికి అవతల, గుట్ట వాలులో ఉండేవి. మొదటిసారి మాట కలిసినప్పుడు మొగిలి, ‘ఎల్లుండి ఆ గుండు కొడుతం సారూ’ అన్నాడట. గుండు అంటే బోడితల తప్ప మరో అర్థం తెలియని పార్థసారథి, తిరుపతి వెళ్తున్నారా అని అడిగాడు. మొగిలి విరగబడి నవ్వి, ఎదురుగా ఏనుగంత ఉన్న బండరాయిని చూపించాడు. పార్థసారథి నవ్వలేదు. అంతకుముందే గంటసేపు కూర్చుని ఆ రాయి బొమ్మ గీశాడతను.

పొద్దుటంతా రాయికి రంధ్రాలు వేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మందు కూరి పేల్చడం వాళ్ళ పద్ధతి. మొగిలి ఎర్రగుడ్డ ఊపుతూ పెద్దగా కేక వేసేవాడు. కాసేపటికి నేల అదిరేది. లెక్కల కేంద్రంలో కిటికీ అద్దాలు గలగలలాడేవి. కొత్తలో ఉలిక్కిపడ్డవాళ్ళంతా కొన్నాళ్ళకి తలెత్తడం కూడా మానేశారు.

డెబ్భై ఆరు మాఘమాసంలో పార్థసారథికి మొదటి పెద్ద ప్రోగ్రాం అప్పగించారు. ఒక్కొక్క ఊళ్ళో నెలనెలా పడిన వాన లెక్కలు ఇస్తే, ఆ ఊరి చెరువు కట్ట ఎంత ఎత్తుండాలో అది చెప్పాలి. రాశాడు. కార్డులు కొట్టించాడు. ఉదయం మొదటి వంతులో పెడితే జవాబు చక్కగా వచ్చింది. చేత్తో వేసిన లెక్కతో సరిగ్గా సరిపోయింది. సంబరపడి, తన పైఅధికారి లింగమూర్తిగారికి చూపిద్దామని మధ్యాహ్నం మరోసారి నడిపాడు. ఉదయం ఇరవై అడుగులన్న కట్టని మధ్యాహ్నం ఇరవై ఆరు అంది యంత్రం.

అవే కార్డులు. అవే వానలు. పార్థసారథి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. మర్నాడు ఉదయం మళ్ళీ ఇరవై. మధ్యాహ్నం ఇరవై మూడు.

కార్డులు వంగాయేమోనని కొత్తవి కొట్టించాడు. వరస తప్పిందేమోనని ఒక్కొక్కటే ఎత్తి చూసుకున్నాడు. కరెంటు వల్లేమోనని యంత్రం నడిపే ఆపరేటర్‌ని అడిగాడు. కరెంటులో తేడా వస్తే యంత్రం ఆగిపోతుందే తప్ప లెక్క తప్పు వేయదన్నాడతను. రాత్రి పడుకుంటే పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తురాని ఇల్లాలిలా ఉండేది అతని స్థితి. ఏదో మర్చిపోయానని మనసు చెబుతుంది, ఏం మర్చిపోయాడో మాత్రం చెప్పదు.

సెక్షన్‌కి అధికారి అయిన లింగమూర్తిగారు హైదరాబాదు పాతబస్తీ మనిషి, మెత్తనివాడు. వానాకాలం లోపల లెక్కలు జిల్లాలకి పంపకపోతే పైవాళ్ళు ఊరుకోరని ఆయన భయం. రోజూ ఒకసారి వచ్చి, ‘ఏమైంది సారథీ, గా పరేషాన్ తీరిందా?’ అని అడిగి వెళ్ళేవారు. ఆ అడగడం తిట్టడం కంటే కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అతని కార్డులు యంత్రంలో పడుతుండగానే బండ పేలింది. పార్థసారథి చేతిలో గ్లాసుడు మంచినీళ్ళున్నాయి. ఆ నీటి మీద సన్నటి వలయాలు లేచి అంచుల దాకా వెళ్ళడం చూశాడు. కాసేపటికి ప్రింటర్ ఇరవై ఎనిమిది అడుగులు అచ్చు కొట్టింది. అతను గ్లాసు కింద పెట్టాడు. నీళ్ళే కదిలినప్పుడు, వెంట్రుకంత తీగల్లో లెక్కలు దాచుకునే యంత్రం కదలదా?

ఆ రోజు నుంచి నోట్‌బుక్కులో ప్రతి లెక్క పక్కనా బండ పేలిందో లేదో రాయడం మొదలుపెట్టాడు. పేలిన మధ్యాహ్నం లెక్క తప్పు. పేలని ఉదయం లెక్క ఒప్పు. ఎన్నాళ్ళు రాసినా దాదాపు అంతే. పక్క బల్ల దగ్గర కూర్చునే పుణ్యవతి ఇదంతా గమనించింది. ఆమె గుంటూరు నుంచి కాపురానికి అమీర్‌పేట వచ్చిన మనిషి, అతని కంటే నాలుగేళ్ళు సీనియర్. భోజనం వేళ కాగానే ఆమె ప్రోగ్రాం నడిచేది. దాని వెనకే ఇతనిది.

‘మరి నా లెక్కలు తప్పు రావట్లేదేవండీ?’ అని అడిగిందామె.

‘మీ వంతు అయిపోయాకే కదండీ పేలుస్తారు’ అన్నాడు పార్థసారథి. అది నిజమే. ఆమె తల ఊపి తన పనిలో పడింది.

అయినా గట్టి రుజువు కావాలనిపించింది. మధ్యాహ్నం అయివుండాలి, పేలుడు ఉండకూడదు. అలాంటి రోజు ఎలా దొరుకుతుందా అనుకుంటుండగా ఆదివారం మొగిలే దారి చూపించాడు. అమావాస్య నాడు తాము ఉలి ముట్టమని, ఆ రోజంతా పండుకోవడమేనని మాటల్లో చెప్పాడు. అది తనకెందుకు పనికొస్తుందో పార్థసారథి అతనికి చెప్పలేదు.

ఫాల్గుణ అమావాస్య వచ్చింది. మధ్యాహ్నం గుట్ట మీద అలికిడి లేదు. పార్థసారథి కార్డులు పెట్టి, ప్రింటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై అడుగులు. కాగితం మళ్ళీ చూశాడు. ఇరవై. అతనికి గంతులు వేయాలనిపించింది. కానీ ఆ చల్లటి గదిలో ఆపరేటర్ తప్ప ఎవరూ లేరు, ఆ ఆపరేటర్ కునుకు తీస్తున్నాడు.

ఆ వారంలోనే చక్కటి రిపోర్టు రాసి లింగమూర్తిగారికి ఇచ్చాడు. ఆయన అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. యంత్రం తప్పు లేదు, తన మనుషుల తప్పు లేదు. తప్పంతా కాంపౌండు గోడకి అవతల ఉంది. ఇంతకంటే మంచి రిపోర్టు ఆయన ఉద్యోగంలో చూసి ఉండరు. పైగా అవి ఎమర్జెన్సీ రోజులు. ప్రభుత్వ యంత్రానికి ఆటంకం అన్న మాట ఉన్న కాగితం ఆయన చేతిలోంచి తాలూకా ఆఫీసుకి వెళ్ళిందో లేదో, అక్కడినుంచి ఉత్తర్వు వచ్చేసింది. లెక్కల కేంద్రం చుట్టుపట్ల బండలు పేల్చరాదు.

ముఠాకి పని ఇచ్చే కాంట్రాక్టరు వాదన పెట్టుకోలేదు. బాచుపల్లి అవతల ఇంకో గుట్ట చూసుకుని, ముఠాని అక్కడికి తరలించాడు. పార్థసారథి ఆఫీసుకి వెళ్తూ చూసేసరికి లారీ మీదకి గుడిసెల వాసాలు, తాటాకులు ఎక్కిస్తున్నారు. భూలక్ష్మి కుండలు గోనెసంచుల్లో సర్దుతోంది. మొగిలి అతన్ని చూసి దగ్గరికి వచ్చాడు.

‘మీ మిషన్‌కు సప్పుడు పడతలేదంట గద సారూ,’ అన్నాడు. ‘గంత నాజూకుదా అది?’

పార్థసారథి ఏదో అన్నాడు. నాజూకైనదేనని, లోపల సన్నటి తీగలుంటాయని. ఆ తీగల సంగతి కనిపెట్టింది తానేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. మొగిలి పోయొస్తనని చెయ్యెత్తి, వాసాల మీద ఎక్కి కూర్చున్నాడు.

తర్వాత కొన్ని వారాలు పార్థసారథి జీవితంలో అన్నీ బాగా నడిచాయి. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. లెక్కలు ఉదయం ఎంతో మధ్యాహ్నమూ అంతే. ఆదివారాలు గుట్ట మీద తనొక్కడే. మొగిలి వాళ్ళు తర్వాత పేల్చాలనుకున్న జంటబండలు అలాగే మిగిలిపోయాయి. వాటిని ఉదయపు నీడలో ఒకసారి, సాయంత్రపు నీడలో ఒకసారి గీశాడు. సంతోషంగా ఉన్నాడు. ఎందుకు సంతోషంగా ఉన్నాడన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

పిల్లల సెలవులకి పుట్టింటికి వెళ్ళిన పుణ్యవతి ఎండాకాలం చివర్లో తిరిగి వచ్చింది. ఆమె వచ్చిన మధ్యాహ్నం, గుట్ట మీద పిట్ట కూత కూడా లేని వేళ, పార్థసారథి లెక్క తప్పింది. ఇరవై ఐదు అడుగులు.

అతను కాగితం చింపుకుని బయటికి నడిచి, ఎండలో గోడ పక్కన నిలబడి చెవులు రిక్కించి విన్నాడు. ఎక్కడో దూరంగానైనా ఒక పేలుడు వినిపిస్తే బాగుండునని కోరుకున్నాడు. ఏమీ వినపడలేదు. దుర్గం చెరువు వైపు నుంచి గాలి వచ్చింది, అంతే.

మర్నాడు పుణ్యవతి తనకి తొందర పని ఉందని పొద్దున్న మొదటి వంతు అడిగి తీసుకుంది. ఆమె వెనక పార్థసారథి కార్డులు పెట్టారు. ఇన్నాళ్ళుగా ఒక్కసారి కూడా తప్పని ఉదయం లెక్క తప్పింది. ఇప్పుడు ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా లేదు, చప్పుడుకీ నిశ్శబ్దానికీ తేడా లేదు. ఇంక మిగిలింది ఒక్కటే. తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, ‘మీ ప్రోగ్రాం నా ప్రోగ్రాన్ని పాడుచేస్తోందండీ’ అన్నాడు.

పుణ్యవతి కోపం తెచ్చుకోలేదు. కుర్చీ జరిపి, కార్డులు ఇటు తెమ్మంది. ఇద్దరూ ఒక్కొక్క కార్డే చదువుకుంటూ వెళ్ళారు. పన్నెండు నెలల వానల్నీ ఒకదాని మీద ఒకటి కలుపుతూ పోయే చోటికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

‘ఈ మొత్తాన్ని ముందు సున్నా చేసిన కార్డేదండీ?’

పార్థసారథి వెతికాడు. ఆ పైన చూశాడు, కింద చూశాడు. అలాంటి కార్డు లేదు.

యంత్రం జ్ఞాపకంలో ఒక చోటుని అతను తన మొత్తం కోసం వాడుకున్నాడు. వాడుకునే ముందు దాన్ని ఖాళీ చేయమని చెప్పలేదు. పొద్దున్నా, మళ్ళీ భోజనాలయ్యాకా యంత్రాన్ని శుభ్రం చేసి మొదలుపెట్టేవారు కాబట్టి, ముందు వంతు వాళ్ళకి అక్కడ సున్నా ఉండేది. పుణ్యవతి ప్రోగ్రాం నడిచాక అక్కడ ఆమె లెక్కలో ముక్క ఏదో మిగిలేది. ఒకరు మజ్జిగ తాగిన గిన్నెని కడక్కుండా అందులోనే పాలు పోసి, పాలు విరిగాయేమిటని ఆశ్చర్యపోయినట్టుంది అతని పని.

‘మరి ఆ అమావాస్య నాడు?’ అన్నాడు పార్థసారథి. ఆ ఒక్క రోజూ తన పక్షాన సాక్ష్యం చెబుతుందని ఇంకా ఆశ.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ‘ఫాల్గుణ అమావాస్యా? ఆ రోజు నేను రాలేదండీ. మా మామగారి ఆబ్దికం.’

అమావాస్య అని మొగిలి ఉలి ముట్టలేదు. అమావాస్య అనే పుణ్యవతి ఆఫీసుకి రాలేదు. నిజాన్ని పట్టిచ్చిందనుకున్న రోజే అతన్ని నమ్మించి ముంచింది. ఆ తర్వాత లెక్కలు సరిగ్గా వచ్చిన వారాలన్నీ ఆమె గుంటూరులో ఉన్న వారాలే.

మొత్తం సున్నా అని చెప్పే ఒక్క కార్డు కొట్టించి కట్టలో సరైన చోట దూర్చాడు. ఆ తర్వాత ఎవరి వెనక పెట్టినా లెక్క తప్పలేదు. ప్రోగ్రామర్‌కి ఇంతకంటే సంతోషకరమైన రోజు ఉండకూడదు. పార్థసారథి ఆ సాయంత్రం నడిచి గదికి వెళ్ళి, అన్నం వండుకోవడం మర్చిపోయి, నోట్‌బుక్కు మొదటి నుంచి తిరగేశాడు. పేలుడు గురించి రాసుకున్న వరసలు చూస్తుంటే ముఖం వేడెక్కింది. బండ పేలినా లెక్క సరిగ్గా వచ్చిన రోజులు మూడో నాలుగో ఉన్నాయి. వాటి పక్కన తన చేత్తోనే ‘చిన్న చప్పుడు, లెక్కలోకి రాదు’ అని రాసి ఉంది. చిన్న చప్పుడని ఎలా తెలిసింది? ఎవరు కొలిచారు? ఎదుటి పేజీల్లో జంటబండల బొమ్మలున్నాయి. ఆ రాళ్ళు మిగలాలని తనకి ఉంది కాబట్టి తప్పు పేలుడుదే కావాలని కోరుకున్నాడా? లేక నిజంగానే మోసపోయాడా? ఎంత ఆలోచించినా, ఆ రోజుల్లో తన మనసులో ఏముందో ఇప్పుడు తనకే దొరకలేదు.

మర్నాడు లింగమూర్తిగారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆయన శాంతంగా విన్నారు.

‘ఇప్పుడు మంచిగ నడుస్తుందా?’

‘నడుస్తోందండి.’

‘మరింకేంది? నువ్వు రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టిన. అది తప్పని మళ్ళ నేనే రాయాల్నా? ఆ సప్పుడు బంద్ అయినంక నా తలనొప్పి గూడ బంద్ అయింది. ఊకో, సారథీ.’

ఊరుకుందామనే ప్రయత్నించాడు. ఆదివారం గుట్ట ఎక్కి జంటబండల ముందు కూర్చున్నాడు, పెన్సిల్ కదల్లేదు. లేచి ఊళ్ళోకి వెళ్ళి ఒక సైకిల్ కిరాయికి తీసుకుని, కూకట్‌పల్లి మీదుగా బాచుపల్లి దారి పట్టాడు.

అడుగుతూ అడుగుతూ వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కొత్త గుట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. వాటికి కాస్త దూరంలో ఇనుప యంత్రమొకటి ఉంది. పైనుంచి రాళ్ళు పోస్తే కిందనుంచి కంకర వస్తుందట. ఆదివారం కాబట్టి ఆగి ఉంది. మొగిలి అతన్ని చూసి నిజంగానే సంతోషపడ్డాడు. మంచం వాల్చి కూర్చోబెట్టి, ఇక్కడ రాయి మంచిదని, గీత వెంబడి పగులుతుందని చెప్పుకొచ్చాడు. భూలక్ష్మి నీళ్ళు తెచ్చి ఇచ్చి, గుంజకి ఆనుకుని నిలబడింది.

పార్థసారథి నీళ్ళు తాగి, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మీ పేలుడు వల్లే యంత్రం తప్పు చేస్తోందని రిపోర్టు రాసింది తానేనని. అది నిజం కాదని. తప్పు తన కార్డుల్లోనే ఉందని.

మొగిలి ముఖంలో కోపం కనిపించలేదు, అదే ఇబ్బందిగా ఉంది. ‘మరి మీ మిషన్ ఇప్పుడు మంచిగుందా?’ అని అడిగాడు. ఉందన్నాడు పార్థసారథి. ‘ఇగ అయితే ఏమైంది సారూ. రాయి కొట్టెటోనికి ఏ గుట్టైతే ఏంది.’

భూలక్ష్మి ఊరుకోలేదు. ఆ ఇనుప యంత్రం వైపు చెయ్యి చూపించింది.

‘ఆయనకు ఏ గుట్టైనా ఒకటే. ఈడ కంకరకు మిషన్ పెట్టిండు కాంట్రాక్టరు. ఆడోళ్ళకు పని లేకుండ పోయింది. పాత గుట్ట మీదికైతే ఆ మిషన్ పోదు, తొవ్వ లేదు. ఆడనే ఉంటే నేను గిట్ల కూసుందునా?’

పార్థసారథి నీళ్ళ చెంబు కింద పెట్టాడు.

‘ఇప్పుడు ఏం జేస్తరు మరి?’ అని అడిగిందామె. ‘మమ్మల్ని మళ్ళ రమ్మంటున్నరా, వద్దంటున్నరా?’

అది ఆమె మామూలుగా అడిగిన మాట. అందులో దెప్పు లేదు. పార్థసారథి జవాబు చెబుదామని నోరు తెరిచాడు. రమ్మంటే వీళ్ళకి పని దొరుకుతుంది, మొదటి వారంలోనే జంటబండలు పోతాయి. ఆ తర్వాత పక్కవి, ఆ పక్కవి. వద్దంటే రాళ్ళుంటాయి, ఈమె ఈ గుంజ దగ్గర ఇలాగే నిలబడి ఉంటుంది. ఇంత చిన్న లెక్క. కావలసిన అంకెలన్నీ ముందే ఉన్నాయి. జవాబు మాత్రం అతని నోట రాలేదు. రాయి విలువ ఎంతో తెలియనిది అతనొక్కడికేనా, లేక అక్కడ ఎవరికీ తెలియదా అన్నది కూడా అర్థం కాలేదు.

‘అది నా చేతిలో లేదమ్మా’ అన్నాడు చివరికి.

‘మీ చేతుల లేకనేనా అప్పుడు ఆపిచ్చింది?’ అంది భూలక్ష్మి.

మొగిలి ఆమెని ఊరుకోమన్నాడు. పార్థసారథి మాత్రం, ఆమె అడిగింది న్యాయమే మొగిలన్నా, అన్నాడు. జొన్నరొట్టె తిని పొమ్మంటే తిన్నాడు. తిరుగుదారిలో రెండుసార్లు దారి తప్పాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడూ కాదు. ఒక వారం తర్జనభర్జన పడ్డాక తాలూకా ఆఫీసుకి తన పేరు మీదే ఉత్తరం రాశాడు. పేలుళ్ళకీ లెక్కల తప్పుకీ సంబంధం లేదని, తప్పు తన ప్రోగ్రాంలోదని, ఉత్తర్వుని తిరిగి పరిశీలించమని. నకలు లింగమూర్తిగారి బల్ల మీద పెట్టాడు. ఆయన చదివి కాగితం మడిచారు. మీదివాళ్ళని దాటి ఉత్తరం రాసినందుకు మెమో ఇచ్చారు. అంతకుమించి చర్య తీసుకోలేదు. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడూ ‘ఏమైంది సారథీ’ అని వచ్చి అడగలేదు. ఆ పలకరింపు లేని లోటు తనకి ఇంతగా తెలుస్తుందని పార్థసారథి అనుకోలేదు.

ఆపినంత వేగంగా మళ్ళీ అనుమతి ఇవ్వడం ఎక్కడా జరగదు. వానలు వచ్చి వెళ్ళాయి. దసరా దాటాక ఉత్తర్వు రద్దయింది. కాంట్రాక్టరుకి అప్పటికి బాచుపల్లిలో రెండు ముఠాలున్నాయి, అక్కడికి ఒకటి చాలు. రెండో దాన్ని మాదాపూర్ పంపాడు. అందులో మొగిలి వాళ్ళున్నారు.

మొదటి పేలుడు వినిపించిన మధ్యాహ్నం కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పుణ్యవతి తలెత్తి పార్థసారథి వైపు చూసింది. అతని కార్డులు యంత్రంలో ఉన్నాయి. ప్రింటర్ ఆ పూట వంతు వచ్చిన చెరువు కట్టకి సరైన ఎత్తే అచ్చు వేసింది. ఆమె చిన్నగా నవ్వి, కాఫీ తాగుదాం రండి అంది. అతను వెళ్ళాడు, తాగాడు. దాని రుచి ఎలా ఉందంటే చెప్పలేడు.

ఆదివారం వెళ్ళేసరికి గుట్ట మీద పని సాగుతోంది. పోయిన రోజులు పూడ్చుకోమని కాంట్రాక్టరు ఆదివారాలు కూడా పని పెట్టాడట. జంటబండల్లో ఒకటి అప్పటికే లేదు. రెండోదానికి వరసగా రంధ్రాలు వేస్తున్నాడు మొగిలి. దూరం నుంచే చెయ్యి ఊపాడు. పగిలిన రాయి లోపలి వైపు గులాబీ రంగులో, కొత్తగా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ బయటినుంచి గీసినవాడికి లోపల ఆ రంగుంటుందని తెలియదు. బాగుంది అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

కుప్ప పక్కన భూలక్ష్మి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కంకర కొడుతున్నారు. చేతులు చకచకా ఆడుతున్నాయి. పార్థసారథి దగ్గరికి వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు. భూలక్ష్మి సుత్తి ఆపకుండానే అతని ముఖం పరకాయించి చూసింది.

‘మీరే ఉత్తరం రాసి మమ్మల్ని రప్పిచ్చిండ్రు గద సారూ. మొకం గట్ల పెట్టుకున్నరేంది?’

‘తెలీదమ్మా’ అన్నాడు పార్థసారథి. అంతకంటే నిజమైన మాట అతని దగ్గర లేదు.

‘తెల్వకుంటే జర అవతలికి జరుగుండ్రి,’ అంది భూలక్ష్మి. ‘రాతి చిప్పలు ఎగిరి కండ్లల్ల పడ్తయి.’

అతను లేచి అవతలికి జరిగి కూర్చున్నాడు.